మా నాయనకూ మా కాపలాదారుకూ వచ్చిన ఒకే జబ్బు

నాయన జబ్బు బయటపడింది రక్తదాన శిబిరంలో. అప్పుడు మా తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల కాలేజీలో శిబిరం పెడితే, కొడుకును చూడ్డానికి వెళ్లిన నాయన తానూ చొక్కా చేయి మడిచి మంచం మీద పడుకున్నాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అదే చెప్పుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చి కలవమని. సర్టిఫికెట్ ఇస్తారనుకుని ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు.

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు రాయడం నా పని. ఫోన్ వచ్చిందని తెలియగానే సంగతేమై ఉంటుందో అర్థమైంది. అయినా చెప్పకుండా నాయన వెంట వెళ్లాను. అక్కడి డాక్టరు తలుపు దగ్గరగా వేసి, "మీ రక్తంలో హెపటైటిస్ బి అనే వైరస్ ఉంది. కాలేయానికి పట్టే జబ్బు" అన్నాడు.

"నాకేమి జబ్బు సార్? ఈ పొద్దుకి కూడా రెండు మూటలు భుజాన ఏసుకుంటా నేను" అన్నాడు నాయన.

"అదే దీంతో వచ్చిన చిక్కు. ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. తెలిసేటప్పటికి కొందరికి కాలేయం గట్టిపడి ఉంటుంది, కొందరికి క్యాన్సర్ వచ్చి ఉంటుంది."

ఆ సాయంత్రమే ఇంట్లో అందరికీ రక్తం తీశాను. అమ్మకు, తమ్ముడికి, నాకు ఏమీ లేదు. ముగ్గురమూ టీకా వేయించుకున్నాం. నాయన రోజుకొక మాత్ర మింగడం మొదలుపెట్టాడు. ఆరు నెలలకొకసారి నేను ఆయన్ని ఆసుపత్రికి పిలిపించి కడుపు స్కానింగ్ చేయించేదాన్ని. వరుసలో నిలబెట్టకుండా లోపలికి తీసుకుపోయేవాళ్లు. నేను అక్కడే పనిచేస్తాను కదా, అది మామూలే అనుకునేదాన్ని.

అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. "ఊర్లో ఎవురికీ తెలీకూడదు. తెలిస్తే మనింట్లో నీళ్లు కూడా తాగరు" అంది. తిండి వల్లా నీళ్ల వల్లా అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా వినలేదు. మాత్రల డబ్బా మీది కాగితం గోటితో గీకేసింది. ఎవరైనా అడిగితే షుగరు మాత్రలని చెప్పేవాళ్లం.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఒక స్కానింగులో కాలేయం కుడివైపు చెనక్కాయ పప్పంత మచ్చ కనబడింది. మళ్లీ పరీక్షలు చేసి క్యాన్సరేనని తేల్చారు. "బాగా చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. కోసి తీసేయొచ్చు" అన్నారు డాక్టర్లు. ఆపరేషన్ అయింది. నెల రోజులు పక్క మీద, ఇంకో రెండు నెలలు అరుగు మీద. ఆ తర్వాత నాయన మళ్లీ చేనికి పోయాడు. ఊరికి మేం చెప్పింది పిత్తాశయంలో రాళ్లు తీశారని.

ఏర్పేడు నుంచి కొంచెం లోపలికి పోతే వస్తుంది మా ఊరు. వరి, చెనక్కాయ పండుతాయి. మా చేనికి కాపలాదారు ఒకాయన ఉండేవాడు. యానాది. ఊరికీ వాళ్ల పల్లెకీ మధ్య ఒక కాలువ. కాలువ అవతల ఇరవై దాకా ఇళ్లు. చెనక్కాయ గింజ పట్టే రోజుల్లో అడవి పందులు రాకుండా చేలో గుడిసె వేసుకుని ఉండేవాడు. వరి కోసేశాక గట్ల మీద ఎలుకల బొరియలు చూసి, ఏ బొరియలో వడ్లు దాచి ఉన్నాయో పైనుంచే చెప్పేవాడు. తవ్వితే ఆయన చెప్పిన చోటే ఉండేవి. నాయనకన్నా రెండేళ్లు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి కాలువలో చేపలు పట్టినవాళ్లే. అయినా నాయనను ఆయన "సామీ" అనేవాడు, మా ఇంట్లో ఆయన్ని అందరం పేరు పెట్టి పిలిచేవాళ్లం. ఐదేళ్ల వయసు నుంచీ నేనూ అంతే. నన్ను ఆయన "పాపా" అనేవాడు.

నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు పంటంతా ఆయనే చూసుకున్నాడు. ఒకరోజు బస్సెక్కి చూడ్డానికి వచ్చాడు. గదిలోకి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

"రాళ్లన్నీ తీసేసినారా సామీ?"

"తీసేసినారప్పా" అన్నాడు నాయన.

"ఎన్ని ఉన్న్యాయో?"

నాయన నా వైపు చూశాడు. "మూడు" అన్నాను నేను.

ఆ తర్వాత ఏడాదికి కాపలాదారు చిక్కడం మొదలుపెట్టాడు. మొదట గమనించింది నాయనే. "వాడు గట్టు మీద ఊరికే కూచోనుంటాడు. పిలిస్తే లేసొస్తాడు కానీ, ఆ నడక వాంది కాదు" అన్నాడు ఒకసారి భోజనం చేస్తూ.

"తాగతా ఉంటాడులే. ఆ పల్లెలో తాగనోళ్లు ఎవురు?" అంది అమ్మ.

నేను అన్నం కలుపుతూ తలూపాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మనిషిని చూస్తున్నాను. ఏనాడూ ఆయన దగ్గర సారా వాసన రాలేదు. అయినా తలూపాను. చేతికందే దూరంలో ఈ జబ్బును పట్టే పరీక్ష కార్డులు ఉండేవి నాకు. ఇంటిల్లిపాదికీ రక్తం తీసిన నాకు, రోజూ నాయనతో కలిసి పనిచేసే ఆయనకు కూడా తీయాలని ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. తీస్తానంటే ఎందుకని అడుగుతాడు, కారణం చెప్పాలి, చెప్తే నాయన సంగతి బయటపడుతుంది. ఇది కూడా ఇప్పుడు వెతుక్కుని చెప్పే కారణమే. అసలు తోచనే లేదన్నది నిజం.

కళ్లు పచ్చబడితే ఆయన పక్క ఊర్లో ఆకు పసరు తాగాడు. పథ్యం చేశాడు. తగ్గకపోతే మా ఊరి డాక్టరు, అంటే చదువు లేకుండా సూదులు వేసే మనిషి, రెండుసార్లు గ్లూకోజు ఎక్కించాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ల్యాబు కిటికీ దగ్గర ఎవరో నా పేరు పలికారు. చూస్తే ఆయన భార్య. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, చీటీలు.

"పాపా, మీ కాపలాయన్ని తీసుకొచ్చినా. కడుపు బాన మాదిరి ఉబ్బిపోయినాది. మూడు దినాలైంది కూడు దిగి" అంది.

"ఎప్పుడొచ్చినారు?"

"ఎనిమిదింటికే వచ్చినాము. ఈ కిటికీ కాదంటారు, ఆ కిటికీ అంటారు. ఆధారు కార్డులో ఒక పేరు ఉండాదంట, బియ్యం కార్డులో ఇంకో పేరు ఉండాదంట. యాడికి పోవాల్నో తెలీక నిన్ను అడుగుతా వచ్చినా."

ఆయన మెట్ల కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని భుజం పట్టుకున్నాను. భుజం ఎముక చేతికి తగిలింది. కాళ్లు వాచి ఉన్నాయి. వీల్ చైర్ తెప్పించి వార్డులో చేర్పించాను. కార్డు సంగతి నేను మాట్లాడితే పది నిమిషాల్లో తేలిపోయింది. వాళ్లు మూడు గంటలు తిరిగిన పని అది.

మధ్యాహ్నం వార్డుకు వెళ్లి కేస్ షీట్ తీసి చూశాను. మద్యం అలవాటు ఉన్నదని, చాలా ఏళ్లుగా తాగుతున్నాడని, తాగుడు వల్ల కాలేయం చెడిందని రాసి ఉంది. నేను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నువ్వు తాగుతావా?" అని అడిగాను.

"లేదు పాపా. మా నాయన తాగి తాగి సచ్చినాడు. ఆ పొద్దే మా అమ్మ సేతిలో సెయ్యేసి ఒట్టు పెట్టుకున్నా. కల్లు కూడా ముట్టను."

"మరి ఇందులో తాగుతావని రాసినారే?"

"నన్ను ఎవురూ అడగలేదే" అన్నాడు.

రక్తం నేనే తీశాను. నేనే ల్యాబుకు పట్టుకుపోయి కార్డు మీద చుక్కలు వేశాను. ఒక గీత వస్తే జబ్బు లేనట్టు. రెండో గీత కూడా వస్తే ఉన్నట్టు. పావుగంట ఆగి చూడమంటారు. ఐదు నిమిషాలకే రెండో గీత చిక్కగా వచ్చేసింది. నాయన రక్తంలో ఉన్నదే.

కేస్ షీట్ రాసింది ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్ పిల్ల. రిపోర్టు ఆమె ముందు పెట్టి, "ఈయన తాగడు డాక్టర్. హెపటైటిస్ బి ఉంది. అడిగారా మీరు?" అన్నాను.

"యానాదులు కదా మేడం, వాళ్లు మామూలుగా..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, కింద సరిగ్గా రాసి సంతకం పెట్టింది. "సారీ మేడం. పొద్దున్నుంచి నలభై మందిని చూశాను" అంది. చెడ్డ పిల్ల కాదు. ఆమె అనబోయిన మాట మా అమ్మ మా వంటింట్లో అననే అంది. ఆ రోజు నేను తలూపాను. కోప్పడదామని వెళ్లినదాన్ని, ఊరికే తిరిగొచ్చాను.

స్కానింగులో కాలేయం సగానికి పైగా గడ్డే కనబడింది. కడుపు నిండా నీరు. కాలేయం డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. నాయనకు ఆపరేషన్ చేసిన బృందంలో ఆయనా ఉన్నాడు.

"ఇప్పుడు కోయడానికి లేదమ్మా. నీరు తీద్దాం, నొప్పి లేకుండా చూద్దాం. రెండేళ్ల ముందు స్కానింగ్ చేసి ఉంటే మీ నాన్నగారికి చేసినట్టే చేసేవాళ్లం."

ఆ సాయంత్రం ఆ డాక్టరుతో ఇంకొంచెంసేపు మాట్లాడాను. కేస్ షీట్ సంగతి చెప్పాను. ఆయన కొన్నాళ్లు న్యూజిలాండులో శిక్షణ కోసం ఉండి వచ్చాడు. అక్కడ మొదటి నుంచీ ఉన్న జాతి మావోరీలనీ, తర్వాత వలస వచ్చి స్థిరపడిన తెల్లవాళ్లకన్నా వాళ్లకు ఈ క్యాన్సర్ ఎక్కువగా వస్తుందనీ చెప్పాడు.

"ఎందుకు సార్? వాళ్ల రక్తంలో ఏమైనా తేడానా?" అన్నాను.

"రక్తంలో ఏముంటుందమ్మా? ఈ వైరస్ వాళ్లలో ఎక్కువ మందికి చిన్నప్పుడే అంటుకుంది. అంటుకున్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా స్కానింగ్ దాకా రావాలంటే దూరం, పని మానుకోవాలి, వచ్చినప్పుడు మర్యాదగా చూడాలి. ఇవన్నీ కలిసి ఆలస్యం చేస్తాయి. నేను అక్కడ విన్నవి ఇక్కడికొచ్చి ఈ వార్డులో చూస్తున్నాను. జనం పేర్లే వేరు."

భూమికి ఆ చివర ఎక్కడో ఉన్న మనుషులు, నేను ఎప్పుడూ చూడని మనుషులు, ఆ రోజు బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ నా మనసులో ఉన్నారు.

నాయన చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సంగతి చెప్పాను. చెంబు కింద పెట్టాడు.

"నాకొచ్చిందేనా?"

"అదే నాయనా."

"కోస్తారా?"

"లేదు. పెద్దదైపోయింది."

అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత ఎప్పటిదో చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ల చిన్నప్పుడు ఊర్లో జ్వరాలొస్తే ఒక కాంపౌండరు సైకిల్ మీద వచ్చేవాడట. ఒకటే గాజు సూది. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి పొడిచేవాడట. "వాడూ నేనూ పక్కపక్కనే నిలబడేటోళ్లం. వాడి నుంచి నాకొచ్చిందో, నా నుంచి వానికి పోయిందో" అన్నాడు. అదే అయి ఉండాలని లేదు, తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది, ఇప్పుడు తేల్చలేం అని చెప్పాను. నాయన వినిపించుకోలేదు. "ఒకటే సూది" అన్నాడు మళ్లీ.

మర్నాడు నాతోపాటు ఆసుపత్రికి వచ్చాడు. వార్డులోకి వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఆయన మంచం మీద నాయన కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

"నీకొకటి సెప్పాలప్పా" అన్నాడు నాయన. "నాకు తీసింది రాళ్లు కాదు. నీకొచ్చిన జబ్బే నాకూ వచ్చినాది. నాకు ముందే దొరికింది, కోసి తీసేసినారు. నీకు అబద్ధం సెప్పినా."

ఆయన నాయన మొహంలోకి చూశాడు. తర్వాత నా మొహంలోకి. నేను మూడు రాళ్లని చెప్పినదాన్ని. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మాట్లాడింది ఆయన భార్య. గొంతు పెంచలేదు. "మీ ఇంట్లో అందురికీ రక్తం సూసుకున్న్యారు, సూదులేసుకున్న్యారు. మా ఇల్లు కాలవకి అవతల ఉండాది. అంతే కదా సామీ?"

పక్క మంచం వాళ్లకు భోజనం వచ్చింది, వాళ్లు తినడం కూడా అయిపోయింది.

తర్వాత ఆయనే ఇటు తిరిగాడు. "నా సంగతి అయిపాయ సామీ. మా పాపకి ఏడో నెల. దానికి గూడా ఉందేమో సూడమను" అన్నాడు. నన్ను కాదు, నాయనను అడిగాడు. ఆ అడగడంలో కోపం ఉందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

వాళ్ల కూతురు పుట్టింటికి వచ్చి ఉంది. మరుసటి ఆదివారం కాలేయం డాక్టరు, నేను, ఇంకో నర్సు కలిసి పరీక్ష కార్డులు తీసుకుని కాలువ దాటాం. నాయన ముందు నడిచాడు. పల్లెలో ఎవరూ దగ్గరికి రాలేదు. "రక్తం తీసుకోని అమ్ముకుంటారంట" అన్నాడొకడు. "మా అన్న ఆసుపత్రికి పోయే ఇట్లయినాడు, లేకుంటే బాగానే ఉన్న్యాడు" అన్నాడు ఇంకొకడు. డాక్టరు వివరంగా చెప్పాడు. వినేవాళ్లు విన్నారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

అప్పుడు నాయన చొక్కా బొత్తాలు విప్పాడు. పక్కటెముకల కింద ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్న కుట్ల గీత చూపించాడు.

"ఇది రాళ్లకు కోసింది కాదు. మీ అన్నకొచ్చిన జబ్బే నాకూ ఉండాది. ఇప్పుడు గూడా రక్తంలో ఉండాది. దినమ్మూ మాత్ర ఏసుకుంటా. ముందుగా సూసుకున్న్యాను కాబట్టి మీ ముందర నిలబడుండా. వానికి ఎవురూ సూడలేదు. నేనూ సూడలేదు" అన్నాడు.

ఒక ముసలామె దగ్గరకొచ్చి ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కొంగు సర్దుకుని నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. ఆమె వెనక మిగతావాళ్లు వచ్చారు. మధ్యాహ్నానికి చిన్నాపెద్దా అందరి పరీక్షలూ అయ్యాయి. నేను అనుకున్నదానికన్నా ఎక్కువ కార్డుల మీద రెండు గీతలు వచ్చాయి. ఆయన కొడుకుకు ఉంది. కడుపుతో ఉన్న కూతురికీ ఉంది.

ఆ కబురు ఊర్లోకి మేం తిరిగొచ్చేలోపే వచ్చేసింది. అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆమె భయపడ్డది కొంత జరిగింది కూడా. టీ కొట్లో అందరికీ గాజు గ్లాసులిచ్చి నాయనకు పేపరు కప్పులో పోశారు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పాడు. నాకు కోపం వచ్చింది, పోయి అడుగుతానన్నాను.

"వద్దు. ఆ కొట్లో వానికి ఎప్పుడూ వేరేగానే పోసేవాళ్లు. నేను పక్కన కూచోని తాగినాను ఇన్నేండ్లు. ఒక్కనాడన్నా నాకు కనపడలేదు సూడు" అన్నాడు.

కొన్ని వారాలకు కొట్టతను తానే మళ్లీ గాజు గ్లాసు ఇవ్వడం మొదలుపెట్టాడు. నాయన మాత్రం అక్కడికి పోవడం తగ్గించాడు.

కూతురికి వైరస్ బాగా ఎక్కువగా ఉంది. బిడ్డకు అంటకుండా కాన్పు దాకా వేసుకోమని డాక్టరు మాత్రలు రాశాడు. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి, పుట్టిన కొద్ది గంటల్లో బిడ్డకు రెండు సూదులు పడాలి, ఒకటి టీకా, ఇంకోటి అప్పటికప్పుడు కాపాడే మందు. ఆ రెండోది అన్నిచోట్లా దొరకదు. ముందే తెప్పించి మా ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టించాను.

ఆయన్ని ఇంటికి పంపించేశారు. కడుపులో నీరు నిండినప్పుడల్లా వచ్చి తీయించుకుని పోయేవాడు. ఇప్పుడు ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఒకరోజు "మామా" అన్నాను. ఆయన నవ్వి, "ఏంది పాపా కొత్తగా" అన్నాడు. నేను రెండు మూడుసార్లు అన్నాక అలవాటు పడ్డాడు. నాయన రోజూ సాయంత్రం కాలువ దాటి వెళ్లేవాడు. ఇద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదట. ఈ ఏడు ఎలుకలు ఎక్కువ, ఫలానా మడిలో నీళ్లు నిలవడం లేదు, ఇలాంటివే. ఒకసారి మాత్రం, "సామీ, ఆ ఏడు రాళ్లంటే నేను నమ్మినాను. మా ఆడదానికి గూడా సెప్పినా, మూడు రాళ్లంట అని" అన్నాడట. నాయన అది నాకు చెప్పి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

చివరి రోజుల్లో నొప్పికి మందు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అది బాగా పనిచేసింది. ఒక ఉదయం, ఎండ ఇంకా ముదరకముందే, వాళ్ల ఇంటి ముందు నులకమంచం మీద ఆయన ప్రాణం పోయింది. పూడ్చేచోటికి మా ఇంటి నుంచి నాయనా నేనూ వెళ్లాం. నాయన పిడికెడు మట్టి వేశాడు. ఆ పల్లె చావుకు మా ఇంటివాళ్లు శ్మశానం దాకా పోవడం అదే మొదటిసారి.

అది జరిగిన తొమ్మిదో రోజు ఆయన కూతురికి నొప్పులొచ్చాయి. చెప్పిన తేదీకన్నా ముందే. నాయన ఆటో మాట్లాడి తిరుపతికి పంపించి నాకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆడపిల్ల పుట్టింది. ఐసు డబ్బాలో మందు పెట్టుకుని నేను కాన్పుల వార్డుకు దాదాపు పరుగెత్తాను. ఒక తొడకు టీకా, ఇంకో తొడకు మందు. బిడ్డ గట్టిగా ఏడ్చింది. నర్సు టైము రాసింది. గంట కూడా కాలేదు.

మిగతా టీకాలన్నీ తేదీ తప్పకుండా వేయించాం. బిడ్డకు ఏడాది దాటాక రక్తం తీశాను. అమ్మమ్మ, అంటే ఆయన భార్య, ల్యాబులో నా పక్కనే నిలబడి కార్డు వైపే చూసింది. పావుగంట పూర్తిగా ఆగాం. ఒకటే గీత.

"ఒక గీత అంటే మంచిదా సెడ్డదా?" అంది.

"మంచిది అత్తా. లేదని అర్థం."

ఆమె ఆ కార్డు ఇమ్మని అడిగింది. ఇవ్వకూడదు, పారేయాలి. వేరే కాగితం మీద రిపోర్టు రాసిచ్చాను. మడిచి రవికెలో పెట్టుకుంది. ఆసుపత్రి మెట్లు దిగుతూ, "మీ మామ ఉండింటే..." అని ఆపేసింది. నాతో ఆమె మామూలుగా మాట్లాడుతుంది. అయినా ఆ రోజు వార్డులో అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమనను.

ఇప్పుడు పల్లె నుంచి ఆరు నెలలకొకసారి కొందరు స్కానింగుకు వస్తారు. అందరూ రారు. ఆయన కొడుకు నిరుడు ఇటుక బట్టీ పనికి తమిళనాడు వైపు పోయాడు. మాత్రలు అయిపోయాయేమోనని ఫోన్ చేస్తే, "ఈడ అడిగినా అక్కా, లేదంటున్న్యారు. సీజన్ అయినాక వస్తాలే" అన్నాడు. సీజన్ అంటే ఇంకా నాలుగు నెలలు. ఆ మాత్ర మధ్యలో ఆపకూడదు. సంగతి విని నాయన మర్నాడు పొద్దున బస్సెక్కి, రెండు బస్సులు మారి, బట్టీ వెతుక్కుంటూ పోయాడు. యజమానితో ఏం మాట్లాడాడో తెలియదు. రెండు రోజుల సెలవు ఇప్పించి పిల్లోణ్ణి వెంటబెట్టుకుని నేరుగా ఆసుపత్రికే వచ్చాడు.

పిల్లోడంటే ముప్పై ఏళ్లవాడు. ఆ రోజు నాయనకు కూడా స్కానింగ్ ఉంది. ఇద్దరూ బెంచీ మీద టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. స్కానింగ్ గది అటెండరు నాయనను గుర్తుపట్టి, "పెద్దాయనా, మీరు రండి, మేడం వాళ్ల నాన్న కదా" అని పిలిచాడు.

నాయన లేవలేదు. "వీంది పద్నాలుగు, నాది పదిహేను. వీణ్ణి పిలవండి" అన్నాడు.

అటెండరు నా వైపు చూశాడు. నేను తలూపాను. పద్నాలుగో నంబరు లోపలికి వెళ్లి పది నిమిషాలకు కడుపు మీది జెల్ తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కాలేయంలో మచ్చ లేదు. నాయనకూ లేదు. నేను ఆరు నెలలకు సరిపడా మాత్రలు కట్టి ఇచ్చాను. ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని పెరుగన్నం తిన్నారు. తర్వాత ఒకడు బట్టీకి, ఒకడు ఊరికి బస్సెక్కారు.